గెలిచాక మొదలయ్యే కేసు

కోర్టుల్లో జాప్యం గురించి ఎప్పుడు మాట ఎత్తినా లెక్క తీర్పు దగ్గరే ఆగిపోతుంది. దావా ఎన్నేళ్లు నడిచింది, ఎన్ని వాయిదాలు పడ్డాయి, జడ్జిగారు చివరికి ఎప్పుడు తీర్పు చెప్పారు అన్నంతవరకే పత్రికల వార్తలూ, చట్టసభల్లో చదివే అంకెలూ, సభల్లో ప్రసంగాలూ. తీర్పు వచ్చిన మర్నాడు ఏం జరుగుతుందని అడిగేవాళ్లు తక్కువ. సివిల్ కోర్టు మెట్లెక్కిన మనిషికి కావలసింది మాత్రం ఆ మర్నాడే. అన్న దున్నుకుంటున్న తన వాటా అరెకరం కోసమో, ప్రోనోటు మీద ఇచ్చిన డబ్బు కోసమో, ఖాళీ చెయ్యని అద్దె ఇంటి కోసమో కోర్టుకు వెళ్తారు. డిక్రీ చేతికొచ్చిన రోజున కూడా ఆ పొలం అన్న కిందే ఉంటుంది, డబ్బు బాకీదారు దగ్గరే ఉంటుంది, ఇంట్లో కిరాయిదారే కాపురముంటాడు. వాటిని రాబట్టుకోవడానికి మళ్లీ అదే కోర్టులో ఇంకో దరఖాస్తు పెట్టుకోవాలి. అదే ఎగ్జిక్యూషన్ పిటిషన్, కోర్టు ఆవరణలో అందరి నోటా ఈపీ. మన సివిల్ న్యాయం అన్నిటికంటే ఘోరంగా విఫలమవుతున్నది ఈ ఈపీ దగ్గరే. కోర్టుల సంస్కరణ నిజంగా కావాలంటే అక్కడే మొదలుపెట్టాలి.

ఈ బాధ పాతదే. దర్భంగా సంస్థానానికి సంబంధించిన ఒక వ్యాజ్యంలో లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ 1872లోనే, ఈ దేశంలో కక్షిదారుడి కష్టాలు డిక్రీ వచ్చాకే మొదలవుతున్నాయని రాసింది. ఆ మాటకు నూట యాభై ఏళ్లు దాటాయి. ఈలోపు 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ వచ్చింది. 1976, 1999, 2002 సంవత్సరాల్లో దానికి పెద్ద సవరణలు జరిగాయి. బెంగళూరు భూముల కేసు ఒకటి దశాబ్దాలుగా అమలుకు నోచుకోక తన ముందుకు వచ్చినప్పుడు, ప్రధాన న్యాయమూర్తి ఎస్.ఎ. బోబ్డే నాయకత్వంలోని సుప్రీంకోర్టు ధర్మాసనం 2021 ఏప్రిల్ 22న దేశంలోని కోర్టులన్నిటికీ 14 ఆదేశాలిచ్చింది. ఈపీ దాఖలైన ఆరు నెలల్లో పరిష్కరించాలి, కుదరకపోతే కారణం రాతపూర్వకంగా చెప్పాలి అన్నది వాటిలో ముఖ్యమైనది. నాలుగేళ్ల తర్వాత, 2025 మార్చి 6న, తమిళనాడులోని సేలం భూమి కేసులో ఇదే ప్రశ్న మళ్లీ సుప్రీంకోర్టు ముందు నిలబడింది. 1980లలో వేసిన దావా అది. గెలిచినవాళ్లు కాలం చేశారు, వారసులు పోరాడుతున్నారు, భూమి ఇంకా చేతికి రాలేదు. ఆ కోపంతోనే న్యాయస్థానం ప్రతి హైకోర్టునూ తన పరిధిలోని ఈపీల లెక్క తీయమంది. అదే ఏడాది అక్టోబరు నాటికి బయటపడ్డ మొత్తం 8.82 లక్షలు. ఆరు నెలలపాటు ప్రత్యేకంగా శ్రద్ధ పెట్టి సుమారు 3.38 లక్షల పిటిషన్లు పరిష్కరించాక కూడా మిగిలినవి ఇవి. ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే 68 వేలకు పైగా ఉన్నాయి. ఒక్కో ఈపీ వెనక కోర్టు ఇప్పటికే న్యాయం నీదేనని చెప్పిన ఒక మనిషో కుటుంబమో ఉందన్న సంగతి గుర్తుంచుకుని ఈ అంకెలు చదవాలి.

ఈపీ నడకను దగ్గర నుంచి చూస్తే ఆలస్యం ఎక్కడ పుడుతుందో తెలుస్తుంది. ఐదు లక్షల రూపాయల ప్రోనోటు దావాలో వాది గెలిచాడనుకుందాం. ప్రతివాది కట్టడు. డిక్రీ వచ్చి రెండేళ్లు దాటితే అమలుకు ముందు ఒక నోటీసు ఇవ్వాలి. అరెస్టు కోరితే, నిన్ను సివిల్ జైలుకు ఎందుకు పంపకూడదో చెప్పమని ఇంకో నోటీసు. నోటీసు పట్టుకెళ్లిన కోర్టు మనిషి ఇంటికి తాళం వేసి ఉందనో, ఊళ్లో లేడని ఇరుగుపొరుగు చెప్పారనో రాసుకుని తిరిగొస్తాడు. మళ్లీ బత్తా కట్టాలి, మళ్లీ నోటీసు పంపాలి. ఆ తర్వాత తలుపుకు అంటించడానికి అనుమతి, దానికీ పలక్కపోతే పేపరు ప్రకటన. చివరికి బాకీదారు తరఫు వకీలు వకాలత్ వేసి కౌంటరుకు గడువు అడుగుతాడు. కౌంటరు పడ్డాక బాకీదారుకు కట్టే స్తోమత ఉందా లేదా అన్న విచారణ. ఉందని రుజువు చెయ్యాల్సిన భారం గెలిచినవాడిదే. ఎదుటివాడికి ఏ బ్యాంకులో ఖాతా ఉందో, ఏ సర్వే నంబర్లో పొలం ఉందో, దాన్ని నిరుడు ఎవరి పేరు మీదికి మార్చాడో ఆరా తీసి సాక్ష్యం తేవాలి. అంతా అయ్యి అరెస్టు వారంటు పుట్టేసరికి బాకీదారు పది వేలు కోర్టులో కట్టి, మిగతాదానికి టైమివ్వండని చేతులు జోడిస్తాడు. వాయిదా పడుతుంది.

ఆస్తి జప్తు దారి పడితే అది ఇంకా పొడుగు. జప్తు ఉత్తర్వును పొలం దగ్గర దండోరా వేయించాలి, ఆస్తి మీదా కోర్టు గోడ మీదా పంచాయతీ ఆఫీసులోనూ అంటించాలి. అంటించిన వారానికి, ఆ ఆస్తి నాదంటూ బాకీదారు భార్యో బావమరిదో క్లెయిమ్ పిటిషన్ వేస్తారు. దాన్ని పూర్తిస్థాయి దావాలాగే విచారించాలి, దాని మీద అప్పీలు కూడా ఉంటుంది. అదీ దాటితే వేలానికి ఈసీ తేవాలి, ఆస్తి విలువ చెప్పాలి, ప్రకటన షరతుల మీద మళ్లీ నోటీసు ఇవ్వాలి. పాట పాడినవారు అక్కడికక్కడే నాలుగో వంతు, పదిహేను రోజుల్లో మిగతాది కట్టాలి. ఆపైన పాటలో అక్రమాలు జరిగాయని బాకీదారు పిటిషన్ వేస్తాడు. అది కొట్టేశాక పాట ఖాయం అవుతుంది, సేల్ సర్టిఫికెట్ వస్తుంది. సర్టిఫికెట్ చేతికొచ్చినా ఆస్తి స్వాధీనానికి వేరే దరఖాస్తు. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని 21వ ఆర్డర్ ఒక్కదానిలోనే నూటికి పైగా నియమాలున్నాయి. ఏ నియమాన్ని విడిగా చూసినా అన్యాయమనిపించదు. ప్రతి మెట్టు మీదా ఒక నోటీసు, ఒక కౌంటరు, ఒక ఉత్తర్వు, దాని మీద ఒక రివిజన్ కూర్చోవడం వల్ల, కట్టకూడదని నిర్ణయించుకున్నవాడికి ఆ వరుసే కోటగోడ అవుతోంది.

పొలం అప్పగించమన్న డిక్రీ అమలు మరీ కష్టం. డెలివరీ వారంటుతో కోర్టు అమీనా ఊరికి వెళ్తాడు. చేతిలో డిక్రీ షెడ్యూలు ఉంటుంది. తూర్పున ఫలానా వారి చేను, పడమర డొంక, ఉత్తరాన పంట బోదె అని హద్దులు రాసి ఉంటాయి. దావా వేసి పాతికేళ్లయింది. తూర్పు చేను రెండు చేతులు మారింది, డొంక సిమెంటు రోడ్డయింది, బోదె పూడిపోయింది, సర్వే నంబరు మూడు సబ్‌డివిజన్లయింది. ఏది డిక్రీ భూమో తేల్చడానికి సర్వేయరు కావాలి. సర్వేయరు రెవెన్యూ శాఖ మనిషి, ఆయన పనుల వరుసలో కోర్టు వారంటు ముందుండాలన్న నియమం లేదు. అందరూ వచ్చి గొలుసు పరిచే వేళకు గట్టు మీద ప్రతివాది కొడుకులు, వాళ్ల పక్కన నేను కౌలుదారునంటూ ఒక కొత్త మనిషి. అమీనా అడ్డగించారని రాసి వెనక్కి వస్తాడు. పోలీసు సాయానికి ఇంకో దరఖాస్తు. అడ్డు తొలగించమని 97వ నియమం కింద మరో పిటిషన్. కౌలుదారునన్న మనిషి హక్కు నిజమా కాదా అన్నది ఈపీ విన్న కోర్టే విచారించి తేల్చాలి. ఆ ఉత్తర్వు చట్టం దృష్టిలో డిక్రీతో సమానం కాబట్టి దానికీ అప్పీళ్లుంటాయి. అంటే గెలిచిన దావా కడుపులోంచి ఇంకో దావా పుట్టింది. సేలం కేసులో వారసుల్ని ఆపింది కూడా ఇలా కౌలు హక్కంటూ ముందుకొచ్చినవాళ్లే.

ఇదంతా వ్యవస్థ అలసత్వం వల్ల జరుగుతోందనుకుంటే సగమే అర్థమైనట్టు. మిగతా సగం వడ్డీ లెక్కలో ఉంది. సివిల్ ప్రొసీజర్ కోడ్ 34వ సెక్షన్ ప్రకారం, వ్యాపార లావాదేవీ కాని డబ్బు డిక్రీల్లో తీర్పు తేదీ నుంచి అసలు మీద కోర్టు వేయగలిగిన వడ్డీ గరిష్ఠంగా ఏడాదికి 6 శాతం. మన ఊళ్లలో నూటికి రెండు రూపాయల వడ్డీ మామూలు మాట, అంటే ఏడాదికి 24 శాతం. ఐదు లక్షల డిక్రీని కట్టకుండా బిగబట్టినవాడికి ఏడాదికి పడే భారం 30 వేలు. అదే ఐదు లక్షలు బయట అప్పు తేవాలంటే లక్షా ఇరవై వేలు. ఏడాదికి 90 వేల చొప్పున పదేళ్లు ఈపీ సాగదీస్తే తొమ్మిది లక్షలు మిగులు. వకీలు ఫీజు, అప్పుడప్పుడూ కోర్టులో జమచేసే పది వేలు తీసేసినా ఓడినవాడే లాభపడతాడు. డిక్రీ పడిన బాకీ కంటే చవకైన అప్పు ఈ దేశంలో సామాన్యుడికి దొరకదు. కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడిస్తే గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడని మన పెద్దలన్నారు. ఈ లెక్కలో ఓడినవాడు ఏడవనక్కర్లేదు కూడా. చట్టం చెప్పినట్టు చేస్తే నష్టం, ఎగ్గొడితే లాభం అన్న ఏర్పాటు ఉన్నంతకాలం జడ్జీలు ఎంత కష్టపడ్డా ఈపీలు తరగవు.

దీని ఫలితం సివిల్ కోర్టు గోడలు దాటి వచ్చింది. డిక్రీతో డబ్బు రాదని తెలిశాకే జనం ప్రోనోటుతో పాటు సంతకం చేసిన ఖాళీ చెక్కు తీసుకోవడం మొదలుపెట్టారు. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలో 138వ సెక్షన్ 1989 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చాక, సివిల్ బాకీ క్రిమినల్ కోర్టుకు మారింది. 2019 చివరికి దేశంలో పెండింగులో ఉన్న 2.31 కోట్ల క్రిమినల్ కేసుల్లో 35 లక్షలకు పైగా చెక్కు కేసులేనని సుప్రీంకోర్టు గుర్తించింది. హత్యలు, అత్యాచారాల కేసులు వినాల్సిన మేజిస్ట్రేట్ల సమయంలో పెద్ద వాటా బాకీ వసూళ్లకు పోతోంది. ఇంకోపక్క ఈపీ బిగుసుకుంటోందనగానే ఐపీ, అంటే దివాలా పిటిషన్, పెట్టేవాళ్లు. 1920 నాటి దివాలా చట్టం నిజంగా చితికిపోయినవారిని కాపాడటానికి పుట్టింది. ఆస్తులన్నీ ముందే బంధువుల పేర రాసేసి ఐపీ పెట్టేవారి కథలు కోస్తా పట్టణాల్లో ఏ వ్యాపారిని అడిగినా చెబుతాడు. కోర్టు మీద ఆశ వదులుకున్నవాళ్లు సెటిల్‌మెంట్ మనుషుల్ని ఆశ్రయిస్తారు. పొలంలో కడీలు పాతించేవాడు, షాపుకు తాళం వేయించేవాడు, స్టేషన్లో కూర్చోబెట్టి సంతకం పెట్టించేవాడు నడిపేది ప్రైవేటు ఈపీ. దాని ఫీజు ఆస్తిలో సగం.

పార్లమెంటుకు ఈ సంగతి తెలియదని అనలేం. బ్యాంకులు తమ బాకీలు సివిల్ కోర్టుల్లో వసూలు కావడం లేదని మొరపెట్టుకుంటే 1993లో ప్రత్యేక ట్రిబ్యునళ్లు ఇచ్చింది. అవీ చాలవంటే 2002లో సర్ఫేసీ చట్టం తెచ్చింది. దాని ప్రకారం బ్యాంకు అరవై రోజుల నోటీసు ఇచ్చి, దావా లేకుండానే తాకట్టు ఆస్తిని స్వాధీనం చేసుకోవచ్చు, మేజిస్ట్రేట్ సాయం చెయ్యాలి. 2016లో కంపెనీల బాకీలకు దివాలా స్మృతి వచ్చింది. పెద్ద అప్పులిచ్చినవారికి మూడుసార్లు కొత్త దారి వేశారు. చేబదులిచ్చిన టీచరుకు, కూలి బాకీ రావలసిన మేస్త్రీకి, వాటా రావలసిన ఆడపడుచుకు మాత్రం 1908 నాటి 21వ ఆర్డరే దిక్కు. సర్ఫేసీ కాఠిన్యం అందరికీ విస్తరించమని నేననడం లేదు. సామాన్యుడి డిక్రీ అమలు కాకపోవడం ప్రకృతి వైపరీత్యం కాదని, ఎవరి గోడు వినాలో ఎంచుకున్నందువల్ల వచ్చిన ఫలితమని మాత్రం అంటున్నాను.

ఆడపడుచు వాటా సంగతి వేరే చెప్పుకోవాలి. తెలుగు నేల ఈ విషయంలో దేశానికి దారి చూపింది. ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన హిందూ వారసత్వ చట్ట సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు కొడుకులతో సమాన హక్కు ఇచ్చింది. కేంద్రం ఆ పని 2005లో చేసింది. 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఆ హక్కు పుట్టుకతోనే వస్తుందని మిగిలిన సందేహాలు తీర్చింది. హక్కు మీద ఇక వివాదం లేదు. కానీ పంపకం దావాలో మొదట వచ్చేది ప్రిలిమినరీ డిక్రీ. అది నీకింత వాటా ఉందని చెబుతుంది తప్ప ఏ గట్టు నుంచి ఏ గట్టు దాకానో చెప్పదు. దానికోసం ఫైనల్ డిక్రీ దరఖాస్తు వెయ్యాలి, అడ్వకేటు కమిషనర్ వచ్చి కొలిచి రిపోర్టివ్వాలి, దాని మీద అభ్యంతరాలు తేలాలి, ఫైనల్ డిక్రీని స్టాంపు కాగితాల మీద ఎక్కించాలి, ఆ తర్వాత ఈపీ వెయ్యాలి. పుట్టింటివాళ్లతో పదేళ్లు కోర్టులో తలపడి వాటా గెలిచిన ఆమెను మళ్లీ ఇన్ని మెట్లు ఎక్కమంటున్నాం. ప్రిలిమినరీ డిక్రీ ఇచ్చిన కోర్టే ఎవరూ అడగకుండా ఫైనల్ డిక్రీ దశకు కదలాలని సుప్రీంకోర్టు 2022 జూన్‌లో స్పష్టంగా చెప్పింది. ఆ తీర్పు ప్రతి జూనియర్ సివిల్ జడ్జి కోర్టులోనూ అలవాటుగా మారితే తప్ప, 1985 నాటి హక్కు చాలామంది ఆడవాళ్లకు కాగితం మీదే ఉండిపోతుంది.

డిక్రీ పడ్డాక కట్టనివారిలో ప్రభుత్వాన్ని మించినవారు అరుదు. ప్రాజెక్టులకో రోడ్లకో భూమిచ్చిన రైతులు పరిహారం చాల్లేదని కోర్టుకెళ్లి పెంచిన పరిహారం గెలుస్తారు, డబ్బు రాదు. చివరికి కోర్టు సిబ్బంది ఆర్డీఓ ఆఫీసుకెళ్లి కుర్చీలు, బీరువాలు, జీపు జప్తు చేశారన్న వార్త రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఏటా ఎక్కడో ఒకచోట చదువుతూనే ఉంటాం. ఆ ఫొటో చూసి నవ్వుకునేవాళ్లు వడ్డీ సంగతి గమనించాలి. 1894 నాటి భూసేకరణ చట్టం ప్రకారం పెంచిన పరిహారం మీద మొదటి ఏడాది 9 శాతం, ఆ తర్వాత 15 శాతం వడ్డీ పడుతుంది. 2013 చట్టంలోనూ అవే రేట్లు. ఒక ఫైలు మీద సంతకం పెట్టకుండా పదేళ్లు తిప్పించుకున్నందుకు ఖజానా కట్టే ఈ వడ్డీ జనం పన్నుల్లోంచి వస్తుంది, ఆలస్యం చేసిన అధికారి జీతంలోంచి రాదు. ప్రైవేటు బాకీదారుకు ఆలస్యం లాభం, ప్రభుత్వానికి నష్టం, అయినా ఇద్దరూ కట్టరు. ప్రభుత్వం మీద డిక్రీ పడితే అమలుకు ముందు మూడు నెలలు ఆగాలని కోడ్ 82వ సెక్షన్ చెబుతోంది. ఆ మూడు నెలల్లో బడ్జెట్ విడుదల చెయ్యని అధికారి పేరు రికార్డులోకి ఎక్కాలి.

ఈ వాదనకు మొదట వచ్చే జవాబు జడ్జీల కొరత. కొరత నిజమే. దేశంలో పది లక్షల జనాభాకు పదిన్నర మంది జడ్జీలే ఉన్నారని, ఐదేళ్లలో దాన్ని 50కి పెంచాలని 1987లో లా కమిషన్ తన 120వ నివేదికలో కోరింది. ఇవాళ మంజూరైన పోస్టుల లెక్కన చూసినా 21 దగ్గరే ఉన్నాం. జడ్జీలు పెరగాల్సిందే. కానీ కొత్త జడ్జీలు కొత్త తీర్పులిస్తారు, కొత్త తీర్పులతో కొత్త ఈపీలు పుడతాయి. అమలు యంత్రాంగం అలాగే ఉంటే, ముందు ఆగిన నీళ్లు వెనక ఆగుతాయంతే. పైగా ఈపీలో పనంతా జడ్జిది కాదు. నోటీసు చేరవేసేవాళ్లు, వారంటు పట్టుకెళ్లే అమీనా, కొలిచే సర్వేయరు, పక్కన నిలబడే కానిస్టేబులు, వేలం కాగితాలు సరిచూసే గుమాస్తా చెయ్యాల్సిన పని. వాళ్ల ఖాళీల గురించి, శిక్షణ గురించి ఏ మీటింగులోనూ చర్చ వినబడదు. రాజీలతో ఈ బరువు తగ్గుతుందన్న ఆశ కూడా పూర్తిగా నిజం కాదు. లోక్ అదాలత్ అవార్డు చట్టప్రకారం డిక్రీతో సమానం. రాజీపడ్డవాడు మాట తప్పితే ఆ అవార్డు పట్టుకుని మళ్లీ ఈపీ కౌంటరు దగ్గరికే రావాలి.

రెండో అభ్యంతరం బరువైనది. అమలు కఠినం చేస్తే పేద బాకీదారు నలిగిపోతాడని. పంట పోయిన రైతును అప్పిచ్చినవాడు జైల్లో వేయించడం మన గతంలో ఉన్నదే, ఆ రోజులు తిరిగి రాకూడదు. అందుకే చట్టం రైతు నివసించే ఇంటిని, పనిముట్లను, దుక్కిటెద్దులను, వంటపాత్రలను జప్తు నుంచి మినహాయించింది. డబ్బు డిక్రీకి ఆడవాళ్లను అరెస్టు చెయ్యకూడదంది. జీతంలో మొదటి వెయ్యి రూపాయలు, మిగిలిందాంట్లో మూడింట రెండు వంతులు ముట్టుకోకూడదంది. 1980లో బ్యాంకు ఆఫ్ కొచ్చిన్ కేసులో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్, పేదరికం వల్ల కట్టలేకపోవడం నేరం కాదని, కట్టగలిగీ దురుద్దేశంతో ఎగ్గొట్టినవాడినే జైలుకు పంపవచ్చని తీర్పు చెప్పారు. దేశంలో వెలువడిన గొప్ప తీర్పుల్లో అదొకటి, దానిలో ఒక్క అక్షరం కూడా సడలించనక్కర్లేదు. కట్టలేనివాడెవడో కట్టనివాడెవడో తేల్చే సాధనం మాత్రం కావాలి. అది కోడ్‌లోనే ఉంది. 21వ ఆర్డర్ 41వ నియమం ప్రకారం డబ్బు డిక్రీ ముప్ఫై రోజుల్లో తీరకపోతే, బాకీదారు తన ఆస్తులన్నీ అఫిడవిట్‌లో ప్రమాణపూర్వకంగా చెప్పాలని కోర్టు ఆదేశించవచ్చు. మాట వినకపోతే మూడు నెలల దాకా సివిల్ జైలు. ఈ నియమాన్ని అడిగితే వాడే ఆయుధంలా కాక ప్రతి డబ్బు ఈపీలో మొదటి మెట్టుగా చేస్తే ఏమీ లేనివాడు మొదటి నెలలోనే బయటపడతాడు. మూడేళ్లు నోటీసుల వెంట తిరిగి, వారంటు భయంతో మళ్లీ అప్పుచేసి కట్టే అవస్థ అతనికి తప్పుతుంది. ఇప్పటి పద్ధతి పేదవాణ్ణి కాపాడుతోందన్నది భ్రమ. వకీలును పెట్టుకోలేని పేద బాకీదారే ఎక్స్‌పార్టీ అయి ముందు దొరికిపోతాడు. స్తోమత ఉన్నవాడే మెట్టు మెట్టుకూ పిటిషన్ వేసి నిలబడతాడు.

డిక్రీలో లేని మూడో మనిషి హక్కుల మాటేమిటన్నదీ నిలదీయాల్సిన ప్రశ్నే. తండ్రీకొడుకులు కుమ్మక్కై దావా నడిపించి పక్కవాడి భూమికి డిక్రీ తెచ్చుకున్న సందర్భాలున్నాయి. నిజమైన కౌలుదారు గొంతు వినకుండా పొలంలోంచి వెళ్లగొట్టకూడదు. అయితే ఆ మనిషిని వినాల్సిన సమయం దావా మొదట్లో. 2021 తీర్పు చెప్పిందీ అదే: స్వాధీనం కోరే దావాల్లో మొదటే ఇరుపక్షాల్ని ప్రశ్నించి ఆ ఆస్తిలో ఇంకెవరికి హక్కుందో రాబట్టాలి, అవసరమైతే కమిషనర్‌ను పంపి భూమి ఏదో తేల్చాలి, సంబంధించిన అందరినీ పార్టీలుగా చేర్చాలి. దావా నడుస్తుండగా కొన్నవాడికి తీర్పు వర్తిస్తుందని ఆస్తి బదలాయింపు చట్టం 52వ సెక్షన్ ఎప్పుడో చెప్పింది. కొనేవాడికి దావా సంగతి తెలిసే ఏర్పాటు బొంబాయి రాష్ట్రం 1939లోనే చేసింది. మహారాష్ట్ర, గుజరాత్‌లలో ఇవాళ్టికీ దావా నోటీసును రిజిస్ట్రేషన్ ఆఫీసులో నమోదు చేస్తారు. ఈసీ చూడకుండా గజం భూమి కొనని తెలుగువాళ్లకు, దావా పెండింగులో ఉన్న సంగతి ఈసీలోనే కనిపించేలా చెయ్యడం పెద్ద పని కాదు. అమాయకంగా కొని ఇరుక్కునేవాళ్లు, అమాయకత్వం నటిస్తూ కొనేవాళ్లు ఇద్దరూ దానితో తగ్గుతారు.

గడువులు పెట్టి చూశాం, ఏం జరిగిందని సందేహించేవారిని తప్పుపట్టలేను. 2002 సవరణ ప్రతివాది జవాబుకు 90 రోజుల హద్దు పెట్టింది, 2005లో సుప్రీంకోర్టు ఆ హద్దు మార్గదర్శకమే తప్ప ఉల్లంఘించరానిది కాదంది. స్టేలన్నీ ఆరు నెలల్లో వాటంతటవే రద్దయిపోతాయని 2018లో ఇచ్చిన తీర్పును 2024 ఫిబ్రవరి 29న ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తోసిపుచ్చింది. తప్పు చెయ్యని కక్షిదారు కోర్టు ఆలస్యానికి నష్టపోకూడదన్న ఆ తర్కం సరైనదే. ఈపీలకు పెట్టిన ఆరు నెలల గడువుకూ ఒక చిల్లు ఉంది. అది ఈపీ దాఖలైన తేదీ నుంచి లెక్క. బత్తా కట్టలేదనో, చర్యలు తీసుకోలేదనో ఈపీ కొట్టేస్తే డిక్రీదారు కొత్త నంబరుతో ఇంకోటి వేస్తాడు, గడువు మొదటి రోజుకు వస్తుంది. పన్నెండేళ్ల డిక్రీ కూడా లెక్కల్లో రెండు నెలల ఈపీగా కనబడుతుంది. కాబట్టి ప్రతి ఈపీ వయసు డిక్రీ తేదీ నుంచి చూపించాలి. జడ్జీల పనిని కొలిచే యూనిట్లలో ఆస్తి అప్పగించి ముగించిన ఈపీకి తీర్పుతో సమానమైన బరువివ్వాలి. కొట్టేసిన ఈపీని పరిష్కారంగా లెక్కించకూడదు.

వీటిలో చాలావరకు పార్లమెంటు దాకా వెళ్లనక్కర్లేదు. కోడ్‌లోని ఆర్డర్లను, వాటి కింది నియమాలను సవరించే అధికారం 122వ సెక్షన్ హైకోర్టులకే ఇచ్చింది. ఆస్తుల అఫిడవిట్‌ను తప్పనిసరి చెయ్యడం, రెండు మూడు నోటీసుల్ని ఒక్కటిగా కలపడం, ఫోన్‌లోనూ నోటీసు అందించడం, అమీనా వెళ్లిన చోటు, సమయం ఫొటోతో నమోదు చెయ్యడం అమరావతి, హైదరాబాద్ హైకోర్టులు నియమాల సవరణతో చెయ్యగలిగినవి. జిల్లా కోర్టుకు సొంత సర్వేయర్లను ఇవ్వడం రాష్ట్ర ప్రభుత్వాల పని. 6 శాతం వడ్డీ హద్దు మార్చాలంటే చట్టం కావాలి. సివిల్ ప్రొసీజర్ ఉమ్మడి జాబితాలోది కనుక రాష్ట్ర శాసనసభ సవరణ చేసి రాష్ట్రపతి ఆమోదం పొందవచ్చు. డిక్రీ తర్వాత ఆరు నెలలు దాటిన ప్రతి బాకీకి బ్యాంకు రుణంతో సమానమైన వడ్డీ పడేలా చేస్తే, ఇవాళ ఈపీల్లో నిలబడ్డ బాకీదారుల్లో సగంమంది తామే వచ్చి కడతారని నా నమ్మకం. ముందుగా రెండు హైకోర్టులూ జిల్లాలవారీగా, ఏ కోర్టులో ఎన్నేళ్ల డిక్రీలు అమలుకాకుండా ఉన్నాయో ప్రతి నెలా ప్రచురించాలి. దానికి కొత్త చట్టమూ అక్కర్లేదు, డబ్బూ అక్కర్లేదు.

డిక్రీ ఇంట్లో పెట్టెలో దాచుకున్న పాఠకులకు ఒక మాట. దాన్ని తీసి తేదీ చూసుకోండి. మామూలు డిక్రీ అమలుకు లిమిటేషన్ చట్టం ఇచ్చిన గడువు పన్నెండేళ్లు, ఒక పని చేసి తీరాలన్న ఇంజంక్షన్‌కు మూడేళ్లే. గడువు దాటితే ఏ కోర్టూ దాన్ని అమలు చెయ్యదు. డబ్బు డిక్రీ అయితే ఈపీతో పాటు 41వ నియమం కింద ఆస్తుల అఫిడవిట్ కోరమని, పంపకం దావా అయితే ఫైనల్ డిక్రీ దశకు కదపమని మీ వకీలును ఈ వారమే అడగండి.